చిన్న ముద్ద, పెద్ద గిన్నె

పొద్దున పదకొండు గంటలకు తమిళనాడు కృష్ణగిరి జిల్లా ఊత్తంగరై బస్టాండు దగ్గర టీ అంగట్లో మసాలా వడలు నూనెలోంచి పైకి తేలతాయి. సరిగ్గా ఆ వేళకే నాకు ఆకలేసేది. బరువు తగ్గాలని పొద్దుటి పలహారం మానేసిన మూడో రోజున ఒక్క వడ తిందామని ఆగాను, నాలుగు తిని కదిలాను. ఇంటికొచ్చి చెబితే మా పెద్దమ్మ నవ్వింది.

"పొద్దున్నే కడుపు మాడ్చుకునేదెందుకు, పదకొండు గంటలకు దాన్ని వడలతో బుజ్జగించేదెందుకు నాయనా? ఆకలేమన్నా అప్పులోడా, తలుపేసుకుంటే ఎనిక్కి పోయేదానికి?"

ఆ మాట మీదే ఈ వంట మొదలైంది. మా పక్క తమిళంలో ఒక సామెత ఉంది: ఇళైత్తవనుక్కు ఎళ్ళు, కొళుత్తవనుక్కు కొళ్ళు. బక్కోడికి నువ్వులు, బలిసినోడికి ఉలవలు అని. మా తెలుగిళ్ళలోనూ దాన్ని తమిళంలోనే అంటారు. తెలుగు చేస్తే ఆ ఎళ్ళు, కొళ్ళు జత విడిపోతుంది. ఉలవలు కొవ్వు కరిగిస్తాయని చాలామంది దానికి అర్థం చెప్పుకుంటారు. కొవ్వును కరిగించే గింజ ఏదీ లేదు. ఉలవ చేసే మేలు వేరు. అది కడుపులో చేరి తొందరగా లేవదు, వడల వైపు చూడనివ్వదు.

మా తాతల పళ్ళెంలో ముద్ద పెద్దది, చారు కొంచెం. సంగటి ముద్ద చిన్న టెంకాయంత ఉండేది. తెల్లారి మడక కట్టి ఎండ నెత్తికెక్కేదాకా దున్నిన ఒంటికి అది సరిపోయేది. మడక పోయి ట్రాక్టరు వచ్చింది, నడక పోయి బండి వచ్చింది. 2011 జూన్ నుంచి తమిళనాట రేషన్ బియ్యం ఉచితం కావడంతో చాలా ఇళ్ళలో ముద్ద చోట అన్నం కుప్ప చేరింది. కుప్ప కొలత మాత్రం దున్నినప్పటిదే. తప్పు పళ్ళెంలో లేదు, పాళ్ళలో ఉంది. ఆ పాళ్ళను తిరగేసి మధ్యాహ్నం భోజనం ఎలా వండుకోవాలో ఇక్కడ మొదటి నుంచీ చెబుతున్నాను.

వండేముందు ఒక లెక్క

1995లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుసానా హోల్ట్ బృందం 38 రకాల తిండి పదార్థాలను పరీక్షించింది. ప్రతిదాన్నీ 240 కేలరీలకు సరిపడా తూచి పెట్టి, రెండు గంటలపాటు ఎంత కడుపు నిండినట్టుందో తిన్నవాళ్ళను అడుగుతూ పోయారు. మైదా బ్రెడ్డుకు 100 అని గుర్తు పెట్టుకుంటే ఉడికించిన ఆలుగడ్డకు 323 వచ్చింది. వెన్నతో పొరలు పొరలుగా చేసే క్రోసాన్‌కు 47. కేలరీలు ఒకటే, కడుపు చెప్పిన జవాబు మాత్రం ఏడింతల తేడా.

నీళ్ళు, పీచు, మాంసకృత్తులు ఎక్కువున్నవి ఆకలిని ఆపాయి. కొవ్వు ఎక్కువున్నవి ఆపలేకపోయాయి. కడుపు కేలరీలను లెక్కపెట్టదు, బరువును, సాగుడును చూస్తుంది. అదే ఆలుగడ్డను పలచగా కోసి నూనెలో వేయిస్తే నీళ్ళు పోయి నూనె చేరుతుంది, ఆ 323 చెదిరిపోతుంది. కాబట్టి ఏం తింటున్నామో చూసుకున్నట్టే దాన్ని ఎలా వండామో కూడా చూసుకోవాలి.

సరుకులు: ఇద్దరికి

ఉలవలు 100 గ్రాములు. రాగిపిండి 100 గ్రాములు. ఏదైనా ఆకుకూర రెండు పెద్ద కట్టలు: మునగాకు, తోటకూర, చెంచలాకు, ఏది దొరికితే అది. ఎర్రగడ్డలు రెండు, తెల్లగడ్డ పాయలు ఎనిమిది, ఎండుమిరపకాయలు నాలుగు, ధనియాలు ఒక చెంచా, జీలకర్ర, మిరియాలు అర చెంచా చొప్పున, ఉసిరికాయంత చింతపండు, ఆవాలు, కరివేపాకు. నూనె రెండు చెంచాలు, అంతకు మించొద్దు. పలచని మజ్జిగ రెండు గ్లాసులు.

ఉలవలకు మేం దూరం పోనక్కర్లేదు. కావేరిపట్నం దగ్గర పైయూరులో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన కేంద్రం ఉంది. పైయూరు 1, పైయూరు 2 అనే ఉలవ రకాలు అక్కడ పుట్టినవే. వాన తక్కువైన ఎర్రనేలలో మరో పంట చేతులెత్తేసినా ఉలవ నిలబడుతుంది. పోచంపల్లి సంతలోనూ దొరుకుతాయి. ఈ పోచంపల్లి మా కృష్ణగిరి జిల్లాది, చీరల పోచంపల్లి కాదు.

ఇప్పుడు ఒక్కొక్కరి వంతు లెక్క వేద్దాం. అంకెలు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన పట్టికలవి. ఆ సంస్థ 1918లో మా రాష్ట్రంలోని కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలింది. 50 గ్రాముల రాగిపిండిలో 160 కేలరీలు, మూడున్నర గ్రాముల మాంసకృత్తులు, ఐదున్నర గ్రాముల పీచు ఉంటాయి. 50 గ్రాముల ఉలవల్లో 165 కేలరీలు, దాదాపు 11 గ్రాముల మాంసకృత్తులు, 4 గ్రాముల పీచు. ఆకుకూర, చెంచా నూనె, మజ్జిగ కలిపితే మొత్తం భోజనం సుమారు 450 కేలరీలు. మామూలుగా ఒక మనిషి తినే 150 గ్రాముల బియ్యంతో వండిన అన్నం ఒక్కటే 530 కేలరీలు దాటుతుంది, అందులో పీచు 4 గ్రాములే. కూర, నూనె, అప్పడం ఇంకా లెక్కలోకి రానేలేదు.

మొదటి మెట్టు: రాత్రి నానబెట్టడం

ఉలవల్ని చేటలో పోసి చెరిగి రాళ్ళు ఏరాలి. ఉలవ రంగు రాయి ఉలవల్లో కలిస్తే కంటికి ఆనదు, పంటికే తెలుస్తుంది. మా పెద్దమ్మ చేటను కొంచెం వాల్చి ఒక్కో పిడికెడే కిందికి జార్చుతుంది. ఏరిన గింజల్ని రెండుసార్లు కడిగి, మూడింతల నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టాలి.

నానిన నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళతో ఉడికిస్తే గ్యాసు బాధ తగ్గుతుంది. ఇంకో రోజు ఓపిక ఉంటే తడిగుడ్డలో మూటకట్టి వేలాడదీయండి, తెల్లటి మొలక తొంగి చూస్తుంది. మొలకెత్తిన ఉలవ తొందరగా ఉడుకుతుంది, తేలిగ్గా అరుగుతుంది. అలవాటు లేనివాళ్ళు మొదటి వారం ఇద్దరికి 50 గ్రాములతోనే మొదలుపెట్టాలి. పీచును ఒక్కసారిగా పెంచితే కడుపు గోల చేస్తుంది.

రెండో మెట్టు: కట్టు దింపడం

నానిన ఉలవల్ని కుక్కర్‌లో వేసి లీటరు నీళ్ళు పోయండి. ఇన్ని నీళ్ళెందుకంటే మనకు గింజతోపాటు గింజ దిగిన నీళ్ళూ కావాలి. ఆ నీళ్ళనే కట్టు అంటాం. ఆరేడు విజిల్స్ వచ్చాక మంట తగ్గించి ఇంకో పది నిమిషాలు ఉంచాలి. గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా నలగాలి కానీ పిండి పిండిగా చెదరకూడదు.

జల్లెడ గిన్నెలో వంపితే ఎర్రమట్టి రంగు కట్టు కిందికి దిగుతుంది. ఆ వాసన తెలిసినవాళ్ళకు ఇక ఆకలి ఆగదు. తెలియనివాళ్ళకు ఎద్దుల కొట్టం గుర్తొస్తుంది. రెండూ నిజమే, ఎద్దులకు పెట్టినదీ ఇదే గింజ. మా ఊళ్ళో ఉలవలు తిన్న ఎద్దుకు మొగుతాడు గట్టిగా కట్టాలనేవాళ్ళు.

మూడో మెట్టు: చారు కాచడం

బాండలిలో నూనె లేకుండా మిరపకాయలు, ధనియాలు, జీలకర్ర, మిరియాలు వేయించి తీయండి. అందులోనే అర చెంచా నూనెతో ఒక ఎర్రగడ్డ ముక్కలు, తెల్లగడ్డ పాయలు మగ్గించండి. అన్నీ కలిపి, ఒక గుప్పెడు ఉడికిన ఉలవలు చేర్చి రుబ్బాలి. చారుకు చిక్కదనం ఈ గుప్పెడే ఇస్తుంది. టెంకాయ రుబ్బి పోసే అలవాటుంటే ఇప్పటికి దాన్ని పక్కన పెట్టండి.

రుబ్బిన ముద్దను కట్టులో కలిపి, చింతపండు పులుసు పోసి, పది నిమిషాలు మరగనివ్వండి. చివర అర చెంచా నూనెతో ఆవాలు, కరివేపాకు తిరగవాత. ఇక్కడొక జాగ్రత్త. ఈ చారును మనం గిన్నెలకొద్దీ తాగబోతున్నాం కాబట్టి ఉప్పు మామూలుకన్నా తక్కువే వేయాలి. పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా ఉప్పు చాలు. పులుపు, మిరియాల ఘాటు ఉన్న చోట ఉప్పు లోటు నాలుకకు పెద్దగా తెలియదు.

నాలుగో మెట్టు: ఆకుకూర, గింజ

మిగిలిన ఉలవల్ని పారేయకూడదు, మాంసకృత్తులూ పీచూ ఎక్కువగా ఉన్నది వాటిలోనే. మిగిలిన ఒక చెంచా నూనెలో ఆవాలు, తరిగిన రెండో ఎర్రగడ్డ వేయించి, కడిగి సన్నగా తరిగిన ఆకు వేసి మూతపెట్టండి. రెండు కట్టల ఆకు బాండలిలో కొండలా కనిపించి ఐదు నిమిషాల్లో అరచేతిలోకి కుంగిపోతుంది. అందుకే ఒక కట్ట చాలనుకోవద్దు. ఆకు మగ్గాక ఉలవలు వేసి తడి ఆరేదాకా కలపాలి. మునగాకైతే కొంచెం చేదు మిగులుతుంది, ఒక చెంచా టెంకాయ తురుముతో అది సర్దుకుంటుంది. చెంచా అంటే చెంచానే. టెంకాయలో కొవ్వు ఎక్కువ.

ఐదో మెట్టు: సంగటి

సట్టిలో 250 మిల్లీలీటర్ల నీళ్ళు మరిగించండి. ఒక చెంచా పిండిని చన్నీళ్ళలో కలిపి ముందు అందులో పోయాలి, ఉండలు కట్టకుండా ఇదే కాపాడుతుంది. తెల్ల పొంగు రాగానే మిగతా పిండిని నడిమధ్యలో గుట్టగా పోయండి, కలపొద్దు. తెడ్డు కట్టెతో గుట్ట మధ్యలో ఒక బొక్క పెట్టి, మంట తగ్గించి మూత వేయాలి. ఎనిమిది పది నిమిషాల్లో నీళ్ళు ఆ బొక్కలోంచి పైకి ఉబికి పిండిని లోపలి నుంచి ఉడికిస్తాయి. సంగటి పచ్చివాసన వచ్చిందంటే ఈ పది నిమిషాల్లో తొందరపడ్డారని అర్థం.

ఆపైన సట్టిని కాళ్ళ మధ్య గట్టిగా పట్టి కెలకాలి. పిండి బిగుసుకుని కట్టెకు ఎదురు తిరుగుతుంది. రెండు నిమిషాలకు మెరుపు వస్తుంది. తడిచేత్తో తాకితే అంటుకోకపోతే ఉడికినట్టు. చాలా ఇళ్ళలో సంగటిలో బియ్యం నూకలు కలుపుతారు, ముద్ద మెత్తగా వస్తుంది. మనకు ఆ నూకలు వద్దు.

ఇప్పుడు అసలు కొలత. వచ్చిన సంగటి మొత్తాన్ని రెండు సమాన ముద్దలు చేయండి. ఒక్కోటి బత్తాయి పండంత ఉంటుంది. మొదటి రోజు నా ముద్ద చూసి పెద్దమ్మ, "ఇది ముద్దనా, పిల్లకాయలు ఆడుకునే గోలీనా?" అంది.

రాగి కాబట్టి ఎంతైనా తినొచ్చని, షుగరు పెరగదని మన పక్క గట్టి నమ్మకం. అది సగమే నిజం. రాగిలో పీచు, కాల్షియం ఎక్కువే. పట్టికల ప్రకారం 100 గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం, బియ్యంలో అది చాలా తక్కువ. అయినా మెత్తగా విసిరి, ఉడికించి, నమలకుండా మింగే పిండి పిండే. ముద్ద పెద్దదైతే రక్తంలో చక్కెర కూడా పెరుగుతుంది.

ఆరో మెట్టు: వడ్డించే వరుస

ఆకలి మీద గెలుపు ఓటములు తేలేది ఇక్కడే. ముందు పెద్ద గిన్నెడు ఉలవ చారు. పది నిమిషాలు పట్టాలి, వేడివేడిగా ఊదుకుంటూ తాగితే ఎటూ పడుతుంది. 2007లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్బరా రోల్స్ బృందం భోజనానికి ముందు సూపు ఇచ్చి చూసింది. ఆ సూపు కేలరీలను కూడా కలిపి లెక్కేసినా, తాగినవాళ్ళు ఆ పూట మొత్తంగా 20 శాతం తక్కువ తిన్నారు.

చారు తర్వాత ఆకుకూర ఉలవలు, సగమైనా బాగా నమిలి తినాలి. ఆఖరున ముద్ద. సంగటిని నమలరు, చిన్న తునక తుంచి చారులో ముంచి మింగుతారు. అందుకే మా తాతలు టెంకాయంత ముద్దను ఐదు నిమిషాల్లో ముగించి లేచేవాళ్ళు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరేలోపే పళ్ళెం ఖాళీ అయ్యేది. దున్నేవాడికి ఆ తొందర అవసరం, నాకు కాదు. తునక చిన్నది చేసి, రెండు తునకల మధ్య ఒక ముద్ద ఆకుకూర తింటే పావుగంట పడుతుంది. చివర మజ్జిగ.

లేచేటప్పుడు కడుపు బరువుగా ఉండదు, కానీ ఇంకా కావాలనీ అనిపించదు. మొదటి రెండు మూడు రోజులు ఇంకాసేపు కూర్చుని ఆలోచిస్తే ఆకలా, అలవాటా అన్నది తెలిసిపోతుంది. నిజంగా ఆకలైతే ఇంకో గిన్నె చారు తాగండి, ఇంకో ముద్ద తినకండి.

మిగతా రోజు

మధ్యాహ్నం ఇంత బాగా తిని పొద్దున మాడితే నా వడల కథే మళ్ళీ జరుగుతుంది. పొద్దున చిక్కటి అంబలి ఒక గ్లాసు, నంజుకోను పచ్చి ఎర్రగడ్డ, పక్కన ఒక ఉడికించిన గుడ్డు. గుడ్డు తినని ఇంట్లో గుప్పెడు మొలకెత్తిన పెసలు. పలచటి అంబలి ఒక్కటే తాగితే రెండు గంటలు కూడా ఆగదు, గుడ్డో గింజో దానికి బలం.

పదకొండు గంటలకు జామకాయ. సాయంత్రం కాలాన్ని బట్టి. మార్గశిర, పుష్య మాసాల్లో అనపకాయలు దిగితే వాటి గింజల గుగ్గిళ్ళకు మించింది లేదు. పితికిపప్పు పులుసు కూడా మంచిదే, కానీ గింజను నానబెట్టి పొట్టు పితికేస్తే పీచులో చాలా భాగం పొట్టుతో పోతుందని గుర్తుంచుకోవాలి. చెనిక్కాయలు ఆరోగ్యమే, అయితే గుప్పెడంటే 25 గ్రాములు, 130 కేలరీలు. వేయించినవి పొట్లం చేతికొస్తే గుప్పెడు దగ్గర ఆగదు. తొక్కతో ఉడికించి, ఒక్కోటి ఒలుచుకు తింటే చేతులకు పని, నోటికి నిదానం.

ఎండాకాలంలో కృష్ణగిరి అంతా మామిడి. ఈ జిల్లాలో తోతాపురిని గుజ్జు తీసే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. అదే తోతాపురి పచ్చికాయను కోసి ఉప్పుకారం అద్దుకుని తింటే పావుగంట నములుతాం. దాని గుజ్జుకు చక్కెర, నీళ్ళు చేర్చి సీసాలో పోస్తే రెండు నిమిషాల్లో గొంతు దిగుతుంది, కడుపుకు కబురే తెలియదు. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 20 మందిని వార్డులో ఉంచి ఇదే చూసింది. ఫ్యాక్టరీ తిండి పెట్టిన రెండు వారాల్లో వాళ్ళు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, వేగంగానూ తిన్నారు. ఇంట్లో వండినట్టున్న తిండి పెట్టిన రెండు వారాల్లో ఆకలి అంతకన్నా ఎక్కువ అనిపించలేదు, తిన్నది మాత్రం తక్కువ.

ఎవరు ఆగి అడగాలి

షుగరుకు మాత్రలు వేసుకునేవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు ముద్ద తగ్గించేముందు మందు మోతాదు గురించి డాక్టరుని అడగాలి. తిండి తగ్గి మందు అంతే ఉంటే చక్కెర పడిపోతుంది, అది ప్రమాదం. కిడ్నీ జబ్బున్నవాళ్ళకు ఉలవలు, ఆకుకూరలు ఎంతన్నది వైద్యులే చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు బరువు తగ్గే పని ఇప్పుడు పెట్టుకోకూడదు. మా జిల్లాలో అడగడానికి దూరం పోనక్కర్లేదు. ఇంటికే వచ్చి బీపీ, షుగరు చూసి మాత్రలిచ్చే 'మక్కళై తేడి మరుత్తువం' పథకం మొదలైంది మా జిల్లాలోనే, సామనపల్లి ఊళ్ళో, 2021 ఆగస్టు 5న.

వారానికి అర కిలో తగ్గితే చాలు. అంతకన్నా తొందరపడితే మళ్ళీ టీ అంగడి పిలుస్తుంది. తూకం రోజూ చూడకండి, నెలకోసారి టేపుతో నడుము కొలవండి. మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటకూడదని మన దేశంలో డాక్టర్లు పెట్టుకున్న గీత.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం ఇద్దరం కలిసి తినడానికి కూర్చున్నాం. నా పళ్ళెంలో బత్తాయంత ముద్ద, పక్కన పెద్ద గిన్నెలో చారు. పెద్దమ్మ పళ్ళెంలో ముద్ద నాదానికి రెండింతలు, చారు ఒక గరిటె. డెబ్బై ఏళ్ళ మనిషి, ఇంత ముద్దేమిటి అని నోటిదాకా వచ్చింది. ఆమె అప్పుడే చేలో కలుపు తీసి, నెత్తిన గడ్డిమోపుతో చెరువుకట్ట మీదుగా నడిచి వచ్చింది. నేను ఫ్యాను కింద కుర్చీలోంచి లేచి వచ్చాను. అడగకుండానే ఆమె చారు గిన్నెను నా వైపు జరిపింది.